ఐపీవీ6 మాత్రమే ఉన్న సర్వర్‌లో ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్ దించుకోవడం ఎలా?

తక్కువ ఖర్చులో వస్తుందని ఐపీవీ6 (ఇంటర్నెట్ అడ్రసుల కొత్త పద్ధతి) మాత్రమే ఉన్న సర్వర్ ఒకటి తీసుకున్నారనుకోండి. లాగిన్ అయ్యారు, సిస్టం అప్‌డేట్ చక్కగా అయింది. తీరా మీకు కావలసిన ప్రాజెక్టును కోడ్ మార్పులను నిర్వహించే టూల్ గిట్‌తో క్లోన్ చేయబోతే, అంటే కాపీ దించుకోబోతే, ‘నెట్‌వర్క్ ఈజ్ అన్‌రీచబుల్’ అంటూ ఆగిపోయింది. టెన్షన్ పడకండి. మీ సర్వర్ బాగానే ఉంది. అటువైపు సైటుకే ఐపీవీ6 అడ్రస్ లేదు.

పాత పద్ధతి అయిన ఐపీవీ4లో ఉన్నవి మొత్తం దాదాపు 430 కోట్ల అడ్రసులే. వాటి కేంద్ర నిల్వ 2011 ఫిబ్రవరి 3న అయిపోయింది. ఐపీవీ6 ప్రమాణం 1998 నాటికే సిద్ధంగా ఉన్నా, మారాల్సినవాళ్లు తొందరపడలేదు. ఈలోగా పాత అడ్రసులకు రేటు కట్టడం మొదలైంది. అమెజాన్ వెబ్ సర్వీసెస్ 2024 ఫిబ్రవరి 1 నుంచి ఒక్కో పబ్లిక్ ఐపీవీ4 అడ్రస్‌కు గంటకు 0.005 డాలర్లు వసూలు చేస్తోంది. ఏడాదికి దాదాపు 44 డాలర్లు. నేర్చుకోవడానికి సర్వర్ పెట్టుకున్న విద్యార్థికీ, సొంత డబ్బుతో ప్రాజెక్టు నడిపే వలంటీరుకూ అది భారమే. ఎవరైనా వాడుకోవచ్చని లైసెన్సులో రాసి ఉన్న సాఫ్ట్‌వేర్ సరిగ్గా వీళ్లకే అందకపోవడం నాకు బాధగా ఉంటుంది.

ముందు ఎక్కడ తెగిందో చూడండి

మీ మెషీన్‌కు నిజంగా బయటి ప్రపంచంతో మాట్లాడే ఐపీవీ6 అడ్రస్ ఉందో లేదో చూసుకోండి. అడ్రస్ 2తోనో 3తోనో మొదలైతే సరే. ‘ఎఫ్ఈ80’తో మొదలయ్యేది ఒక్కటే కనిపిస్తే అది పక్క మెషీన్ వరకే పనికొస్తుంది.

తర్వాత అవతలి సైటు సంగతి. సైటు పేర్లను అడ్రసులుగా మార్చే డీఎన్ఎస్‌ను అడిగే డిగ్ కమాండ్‌లో రికార్డు టైపుగా ‘ఏఏఏఏ’ (ఐపీవీ6 అడ్రస్ రికార్డు) అని ఇచ్చి, పక్కన సైటు పేరు పెట్టండి. జవాబులో అడ్రస్ వస్తే ఐపీవీ6 ఉన్నట్టు, ఖాళీగా వస్తే లేనట్టు. అయితే రికార్డు ఉన్నంత మాత్రాన డౌన్‌లోడ్ అవుతుందని కాదు. అందుకే కర్ల్ అనే డౌన్‌లోడ్ కమాండ్‌కు మైనస్ 6 ఆప్షన్ ఇచ్చి అసలు ఫైలునే తెచ్చి చూడండి. దారి మళ్లింపులను కూడా అనుసరించేలా మైనస్ క్యాపిటల్ ఎల్ కలపడం మరిచిపోవద్దు. చాలా డౌన్‌లోడ్ లింకులు ఒక సైటులో మొదలై ఇంకో సైటులో తేలతాయి.

ఎన్నో ప్రాజెక్టుల కోడ్ ఉండే గిట్‌హబ్‌నే తీసుకోండి. దాని పేజెస్ సేవలో పెట్టిన వెబ్‌సైట్లు ఐపీవీ6 మీద తెరుచుకుంటాయి. కోడ్ ఉండే ప్రధాన సైటు మాత్రం ఏళ్ల తరబడి ఐపీవీ4 మీదే నడుస్తూ వచ్చింది. అంటే ప్రాజెక్టు డాక్యుమెంటేషన్ హాయిగా చదువుకోవచ్చు, ‘ఇక్కడ డౌన్‌లోడ్ చేయండి’ అన్న బటన్ నొక్కితే మాత్రం ముందుకు కదలదు.

అసలు తలనొప్పి లోపలి డిపెండెన్సీలతో, అంటే మీ ప్రాజెక్టు ఆధారపడే ఇతర ప్యాకేజీలతో. మీరు తెచ్చే ప్యాకేజీ ఐపీవీ6 ఉన్న రిజిస్ట్రీ (ప్యాకేజీలు దొరికే కేంద్ర సైటు) నుంచే రావచ్చు. కానీ ఇన్‌స్టాల్ అయ్యాక నడిచే స్క్రిప్టు ఒకటి, ముందే కంపైల్ చేసిన బైనరీని వేరే చోటి నుంచి లాగబోయి చతికిలపడుతుంది. జావాస్క్రిప్ట్ ప్యాకేజీల టూల్ ఎన్‌పీఎం వాడేవాళ్లు, ఏ ప్యాకేజీ ఎక్కడి నుంచి వస్తుందో రాసి ఉండే లాక్ ఫైలు తెరిచి ‘రిజాల్వ్‌డ్’ అన్న వరుసలు చూడండి. రిజిస్ట్రీ చిరునామాకు బదులు నేరుగా గిట్ రిపో చిరునామా కనిపిస్తే చిక్కు అక్కడే. గిట్ సబ్‌మాడ్యూల్సూ (ఒక రిపోలో చేర్చిన వేరే రిపోలు) ఇలాగే దొంగదెబ్బ తీస్తాయి. గో భాషలో మామూలుగా మాడ్యూల్స్ గూగుల్ నడిపే ప్రాక్సీ నుంచి వస్తాయి కాబట్టి ఇబ్బంది ఉండదు. ఆ ప్రాక్సీ సెట్టింగును ఎవరైనా ‘డైరెక్ట్’కు మార్చి ఉంటే తిరిగి మామూలుకు తెండి. రస్ట్ విషయంలో 1.70 కంటే పాత వెర్షన్ ఉంటే అప్‌డేట్ చేసుకోండి. పాతవి ప్యాకేజీల సూచికను కూడా గిట్‌హబ్ నుంచే తెచ్చుకునేవి.

దారి వేయండి

అందరికీ పనికొచ్చే మార్గం నాట్64, డీఎన్ఎస్64 జంట. అడిగిన సైటుకు ఐపీవీ6 అడ్రస్ లేకపోతే డీఎన్ఎస్64 దాని ఐపీవీ4 అడ్రస్‌ను లోపల పెట్టి ఒక ఐపీవీ6 అడ్రస్ తయారుచేసి ఇస్తుంది. ఆ అడ్రస్‌కు వెళ్లిన ట్రాఫిక్‌ను నాట్64 గేట్‌వే ఐపీవీ4లోకి మార్చి పంపుతుంది. హోస్టింగ్ కంపెనీ ఈ సేవ ఇస్తుందేమో ముందు అడగండి. ఇస్తే మీరు మార్చాల్సింది డీఎన్ఎస్ సర్వర్ సెట్టింగు ఒక్కటే. ఉచితంగా నడిచే పబ్లిక్ గేట్‌వేలూ ఉన్నాయి, కానీ మీరు ఏ సైట్లకు వెళ్తున్నారో వాటిని నడిపేవాళ్లకు తెలుస్తుంది. వాటి మీదుగా దించుకునేటప్పుడు హెచ్‌టీటీపీఎస్ తప్పనిసరి, ఫైలు మారలేదని తేల్చే సంతకాలూ చెక్‌సమ్‌లూ సరిచూసుకోవడం ఇంకా ముఖ్యం.

ఇక్కడ ఇంకో చిక్కు ఉంది. గేట్‌వే వెనక ఉన్నవాళ్లందరూ బయటికి ఒకే ఐపీవీ4 అడ్రస్‌తో కనిపిస్తారు. లాగిన్ లేకుండా గిట్‌హబ్ ఏపీఐని (ప్రోగ్రాములు గిట్‌హబ్‌తో మాట్లాడే దారిని) వాడితే ఒక్కో అడ్రస్‌కు గంటకు 60 రిక్వెస్టులే. మీరు ఒక్కటీ పంపకముందే పక్కవాళ్లు ఆ కోటా తినేసి ఉండొచ్చు. టోకెన్ (మీ అకౌంట్‌ను గుర్తించే రహస్య కోడ్) పెట్టుకుంటే పరిమితి మీ అకౌంట్ పేరు మీద గంటకు 5,000కు పెరుగుతుంది.

రెండు అడ్రసులూ ఉన్న మెషీన్ ఇంకొకటి మీ దగ్గర ఉంటే మీ తరఫున ఫైళ్లు తెచ్చిచ్చే చిన్న హెచ్‌టీటీపీ ప్రాక్సీని అందులో పెట్టడం నాకు నచ్చిన పద్ధతి. మీ ట్రాఫిక్ మీ చేతిలోనే ఉంటుంది. తరచూ వాడే రిపోలకు అక్కడే మిర్రర్ క్లోన్ (పూర్తి నకలు) పెట్టుకోవచ్చు.

మీరే సాఫ్ట్‌వేర్ పంచేవాళ్లయితే

డౌన్‌లోడ్ సర్వర్‌కు ఏఏఏఏ రికార్డు చేర్చండి. కానీ చేర్చేముందే వెబ్ సర్వర్ ఐపీవీ6 మీద వింటోందో లేదో, ఫైర్‌వాల్‌లో ఐపీవీ6 నియమాలు విడిగా రాశారో లేదో చూసుకోండి. సగం పనిచేసే ఐపీవీ6 అసలు లేకపోవడం కంటే ఎక్కువ ఇబ్బంది పెడుతుంది. ఐపీవీ6 అందకపోతే బ్రౌజర్లు క్షణంలో ఐపీవీ4కు మారిపోతాయి. స్క్రిప్టుల్లో వాడే చాలా టూల్స్ మాత్రం టైమౌట్ అయ్యేదాకా అలాగే ఎదురుచూస్తాయి.

నెట్‌వర్క్ పరికరాలు తమలో తాము సమస్యలు చెప్పుకునే సందేశాల పద్ధతి ఐసీఎంపీవీ6ను మొత్తంగా బ్లాక్ చేయకండి. ఐపీవీ6లో దారి మధ్యలోని రౌటర్లు పెద్ద ప్యాకెట్లను ముక్కలు చేయవు. ‘ప్యాకెట్ టూ బిగ్’ అనే సందేశం పంపి ఊరుకుంటాయి. ఫైర్‌వాల్ ఆ సందేశాన్ని ఆపేస్తే మీ సర్వర్‌కు విషయమే తెలియదు. కనెక్షన్ కుదురుతుంది, చిన్న రిక్వెస్టులకు జవాబు వస్తుంది, పెద్ద ఫైలు మాత్రం మొదట్లోనే బిగుసుకుపోతుంది. ‘నా దగ్గర బాగానే దిగుతోందే’ అనిపించే ఫిర్యాదుల్లో కొన్నింటికి కారణం ఇదే.

చివరగా, ఐపీవీ4 పూర్తిగా తీసేసిన మెషీన్‌లో మీ ఇన్‌స్టాల్ సూచనలను మొదటి లైను నుంచి అమలు చేసి చూడండి. ఎక్కడ ఆగితే అక్కడున్న హోస్ట్ పేరు రాసుకోండి. అది మీదైతే సరిచేయండి. వేరేవాళ్లదైతే హోస్ట్ పేరు, డిగ్ జవాబు, కర్ల్ చూపిన ఎర్రర్ జతచేసి వాళ్ల ఇష్యూ ట్రాకర్‌లో పెట్టండి. అంతకుముందే ఎవరైనా అదే ఇష్యూ తెరిచి ఉంటే కొత్తది తెరవకుండా దానికిందే మీ వివరాలు చేర్చండి.