మొలలకు బ్యాండ్ వేశాక మూత్రం ఆగిపోతే ముందు చూడవలసినది

ఓపీలోనే మొలలకు రబ్బరు బ్యాండ్ వేయించుకొని గంటలో ఇంటికి వెళ్ళినవారికి ఇసబ్‌గోల్, నీళ్ళు, గోరువెచ్చని నీటి టబ్బు గురించి చీటీలో రాసే ఇస్తాము కనుక వాటిని మళ్ళీ చెప్పను. ఇబ్బంది వచ్చి డాక్టరుకు ఫోన్ చేసే ముందు మాత్రం మూడు సంగతులు చూసుకోవాలి: థర్మామీటరులో జ్వరం ఎంత, చివరిసారి మూత్రం ఎప్పుడు వచ్చింది, ఆఖరి నొప్పి మాత్ర ఎన్ని గంటలకు వేసుకున్నారు. నొప్పిని పావుగంటసేపు వర్ణించేవారు కూడా ఈ మూడింటిలో ఒక్కటీ చూసి ఉండరు.

బ్యాండ్ పడిన క్షణం నుంచే పొడిచినట్లు భరించలేని నొప్పి ఉంటే, అది చర్మపు నరాలున్న చోటికి, అంటే డెంటేట్ రేఖకు మరీ దగ్గరగా పడిందని అర్థం. దీనికి మందు మాత్రలు కావు. అదే రోజు వెనక్కి వెళ్ళి బ్యాండ్ తీయించుకోవడమే. ఒకటి రెండు రోజులు బరువుగా, విరేచనం వచ్చేటట్లు అనిపించడం మాత్రం సహజం.

వారం, పది రోజులకు రక్తం కనబడితే, ఎండిన మొల ఊడి ఆ చోట చిన్న పుండు మిగిలిందన్నమాట. నాలుగు చుక్కలకు భయపడనక్కరలేదు గాని, గడ్డలుగా పడినా, విరేచనానికి వెళ్ళిన ప్రతిసారీ రక్తమే వచ్చినా, కళ్ళు తిరిగినా వెంటనే ఆస్పత్రికి వెళ్ళాలి. అక్కడ "గుండె మాత్ర వాడుతున్నాను" అంటే సరిపోదు, ఆ మాత్రల షీటే చూపించాలి. ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్, వార్ఫరిన్ వంటి, రక్తం గడ్డకట్టకుండా చూసే మాత్రలను ఎవరికి వారు ఆపేయడం, ముఖ్యంగా స్టెంట్ ఉన్నవారికి, ఇంకా ప్రమాదం.

ఇక నన్ను దెబ్బతీసిన సమస్య మూత్రం ఆగిపోవడం. బ్యాండ్ వేసిన రోజునే ఆగితే చాలావరకు నొప్పికి కండరాలు బిగుసుకోవడమే కారణం. గోరువెచ్చని నీటిలో కూర్చుంటే వస్తుంది, రాకపోతే మూత్రం తీసే పైపు వేయించుకోవాలి. అయితే తగ్గుముఖం పట్టిన నొప్పి రెండో రోజు నుంచి ఐదో రోజు లోపల మళ్ళీ పెరిగి, దానితోపాటు మూత్రం కష్టమైతే, బ్యాండ్ కింద చచ్చిన కణజాలం గుండా పేగులోని సూక్ష్మక్రిములు కటి భాగంలోకి దిగి చీము పట్టిస్తున్నాయేమోనని అనుమానించాలి. ఇది అరుదే గాని ప్రాణం తీయగలదు. 1980లలోనే ఇటువంటి మరణాలు వైద్య పత్రికలకెక్కాయి. బయటి నుంచి చూస్తే మలద్వారం దగ్గర ఏమీ కనబడకపోవచ్చు.

కొన్నేళ్ళ క్రితం నేను బ్యాండ్ వేసిన ఒక పెద్దాయనకు మూడో రాత్రి మూత్రం ఆగితే, దగ్గరలోని క్లినిక్‌లో పైపు వేసి, వయసుకు వచ్చే ప్రోస్టేటు (మూత్రాశయం కింది గ్రంథి) వాపేనని చెప్పి పంపించారు. ఫోన్‌లో విన్న నేనూ, జ్వరం లేదన్నారు కనుక, అంతేననుకున్నాను. తెల్లవారి తీసుకువచ్చేసరికి ఆయనకు చెమటలు పట్టి ఒళ్ళు చల్లబడింది, నాడి 130 కొడుతోంది, థర్మామీటరు మాత్రం 99 దాటలేదు. కొడుకు జేబులోంచి తీసిన నొప్పి మాత్రల షీటులో ఆరు గడులు ఖాళీ; ప్రతి మాత్రలోనూ డైక్లోఫెనాక్‌తో పాటు పారాసెటమాల్ ఉంది. జ్వరాన్ని దాచిపెట్టింది మేము రాసిచ్చిన మాత్రే.

కాబట్టి జ్వరాన్ని తరువాతి మాత్రకు ముందు చూడాలి, నాడి కూడా లెక్కపెట్టాలి. కదలకుండా పడుకున్నా నిమిషానికి 100 దాటుతుంటే, చలి వణుకు వస్తుంటే, జ్వరం లేదన్న ధీమా పనికిరాదు. పైపు వేస్తే మూత్రం దిగుతుంది గాని రోగం దిగదు. ఆస్పత్రిలో చేర్చి, నరం ద్వారా యాంటిబయోటిక్‌లు మొదలుపెట్టి, అవసరమైతే సీటీ స్కాన్ తీసి, మత్తు ఇచ్చి పరీక్షించి, బ్యాండునూ చచ్చిన కణజాలాన్నీ తొలగించాలి. ఇంట్లో యాంటిబయోటిక్ మాత్రలు మింగుతూ తెల్లవారేదాకా ఆగకూడదు. షుగరు ఉన్నవారు, స్టెరాయిడ్‌లు వాడేవారు అనుమానం రాగానే బయలుదేరాలి. ఆ పెద్దాయన పన్నెండు రోజులకు ఇల్లు చేరారు.

మిగిలినవి తక్కువ. బయట నల్లగా నొప్పి గడ్డ కడితే రక్తం గడ్డకట్టిందన్నమాట, కొన్ని వారాల్లో కరుగుతుంది. బ్యాండ్ ముందే జారిపోతే మళ్ళీ వేస్తారు. బ్యాండ్‌కు బదులు మొలను ఎండించే ఫినాల్ ఇంజెక్షన్ చేయించుకున్న మగవారికి మూత్రంలో రక్తం వస్తే సూది ప్రోస్టేటు దాకా దిగి ఉండవచ్చు. చేసినవారికి ఆ రోజే చెప్పాలి.