వైజాగ్ నుంచి లేహ్‌కి పిల్లలతో, అత్తయ్యతో వెళ్లాలంటే

మా చిన్ననాటి స్నేహితురాలు ఉద్యోగం మీద లడఖ్‌లోని లేహ్ వెళ్లి మూడేళ్లయింది. ఫోన్ చేసినప్పుడల్లా "ఈ ఎండల్లో అక్కడేం చేస్తారే, పిల్లల్ని తీసుకుని వచ్చేయండి" అనేది. కిందటి జూన్ మొదట్లో, బడులు తెరవకముందు, మా ఆయన, ఇద్దరు పిల్లలు, అత్తయ్య, నేను బయలుదేరాం. మీకూ అటువైపు మనవాళ్లు ఎవరైనా ఉంటే తప్పకుండా వెళ్లండి, కానీ ఏ గొంపా (బౌద్ధ మఠం) చూడాలి, ఏ సరస్సుకెళ్లాలి అన్న లెక్కలకంటే ముందు ఒక్కటి ఖాయం చేసుకోండి: దిగిన మొదటి రెండు రోజులు ఎక్కడికీ వెళ్లకూడదు, ఇంట్లోనే ఉండాలి.

ఎందుకంటే మనం సముద్రం పక్కన బతికేవాళ్లం. లేహ్ దాదాపు 3,500 మీటర్ల ఎత్తులో ఉంది. అరకు సుమారు 900 మీటర్లు, అంటే నాలుగు అరకులు ఒకదానిమీద ఒకటి పెట్టినంత ఎత్తుకి ఢిల్లీ నుంచి గంటా పావులో విమానం తీసుకెళ్లి దింపేస్తుంది. అక్కడ గాలి పీడనం తక్కువ కాబట్టి ఒక్కో శ్వాసకి ఇక్కడ అందే ఆక్సిజన్‌లో మూడింట రెండొంతులే అందుతుంది. దానికి ఒళ్లు అలవాటు పడాలి, తొందరపెడితే అలవాటు పడదు. బలంగా ఉన్నాం, రోజూ బీచ్ రోడ్డులో వాకింగ్ చేస్తాం అంటే కుదరదు, దానికీ దీనికీ సంబంధం లేదు.

మా ఇంట్లో దెబ్బ తగిలింది మా ఆయనకే. మా స్నేహితురాలు గేటు దగ్గరే "అన్నయ్యగారూ, పెట్టెలు కిందే ఉంచేయండి, సాయంత్రం మావాళ్లు పైకి తెస్తారు" అంది. ఈయన మొహమాటపడి రెండు సూట్‌కేసులూ చెరో చేత్తో పట్టుకుని మేడ మెట్లెక్కేశారు. సాయంత్రానికి తల పగిలిపోతోందని పడుకుంటే మర్నాడు మధ్యాహ్నం దాకా లేవలేదు, అన్నం సయించలేదు. నెమ్మదిగా ఎక్కి, వెళ్లి మంచం మీద కూర్చున్న అత్తయ్యకి ఏమీ కాలేదు. అందుకే మొదటి రోజు బరువులు వద్దు, పరుగులు వద్దు, వేడివేడిగా తలస్నానం కూడా వద్దు. కొంచెం కొంచెంగా నీళ్లు తాగుతూ, తేలిగ్గా తింటూ, కిటికీలోంచి కొండలు చూస్తూ కబుర్లు చెప్పుకోండి. ఇన్నాళ్లకి కలిసిన స్నేహితులకి రెండు రోజుల కబుర్లు ఏపాటి.

పిల్లల్ని మాత్రం కనిపెట్టుకుని ఉండాలి. చిన్నపిల్లలు తలనొప్పి అని చెప్పలేరు, ఇష్టమైనది పెట్టినా వద్దంటారు, ఊరికే పేచీ పెడతారు, అదే గుర్తు. పెద్దవాళ్లకైనా పిల్లలకైనా కదలకుండా కూర్చున్నా ఆయాసం వస్తున్నా, దగ్గు ఆగకపోయినా, నడక తూలుతున్నా, మాట తడబడుతున్నా తెల్లవారేదాకా చూద్దాం అనుకోకండి. వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాలి, డాక్టరు కిందికి దింపేయమంటే ట్రిప్ ఆపేసి దిగిపోవాలి. లేహ్‌లో సోనమ్ నోర్బూ స్మారక ఆసుపత్రి ఉంది, అక్కడివాళ్లకి ఎత్తు వల్ల వచ్చే ఈ జబ్బు బాగా తెలుసు. బయలుదేరే పది, పదిహేను రోజుల ముందే ఇక్కడ మీ డాక్టరుని కలవండి. గుండె, ఊపిరితిత్తుల సమస్యలున్నవాళ్లు, గర్భిణులు ఆయన సరే అంటేనే టికెట్లు తీసుకోవాలి. చాలామంది ఎత్తుకి ఒళ్లు అలవాటు పడటానికి డయామాక్స్ అనే మందు వాడతారు, ముందురోజు నుంచే మొదలుపెడతారు, వేళ్లు కాస్త తిమ్మిరెక్కుతాయి, మూత్రం ఎక్కువవుతుంది. సల్ఫా మందులు పడనివాళ్లు ఆ సంగతి డాక్టరుకి ముందే చెప్పాలి. పక్కింటివాళ్లు వాడారని మీరే కొనేసి పిల్లలకి వేయొద్దు.

దారి సంగతి. వైజాగ్ నుంచి ఢిల్లీకి విమానంలోనైనా ఏపీ ఎక్స్‌ప్రెస్‌లోనైనా వెళ్లొచ్చు. అయితే రైల్లో నిదానంగా వెళ్తున్నాం కదా, ఒళ్లు అలవాటు పడుతుందిలే అనుకోకండి, ఢిల్లీ కూడా పల్లంలోనే ఉంది. లేహ్ విమానాలు ఎక్కువగా పొద్దున్నే ఉంటాయి, ఎండెక్కేకొద్దీ ఆ కొండల మధ్య గాలులు పెరుగుతాయి. అందుకని ముందురోజు రాత్రికే ఢిల్లీ చేరుకోండి. సెలవులు ఎక్కువుంటే శ్రీనగర్ మీదుగా రోడ్డున వెళ్లడం ఒంటికి మంచిది: శ్రీనగర్ సుమారు 1,600 మీటర్లు, కార్గిల్ సుమారు 2,700, రెండు చోట్లా రాత్రి ఆగితే ఎత్తు మెట్లుమెట్లుగా పెరుగుతుంది. మనాలీ దారి అందమైనదే, కానీ మధ్యలో రాత్రి ఆగే సర్చూ లేహ్ కంటే ఎత్తు, ముసలివాళ్లతో పిల్లలతో వెళ్లేటప్పుడు నేనైతే వద్దంటాను.

ఇక స్నేహితుల ఇంటికి ఏం పట్టుకెళ్లాలి? మనవాళ్లు మొహం వాచి ఉండేది కొత్తావకాయకి. ఆవకాయ చేతి సంచిలో పెడితే విమానాశ్రయంలో ఆపేస్తారు, చెక్-ఇన్ లగేజీలోనే వేయాలి. సీసా నిండా పెట్టకుండా పైన రెండు వేళ్లు ఖాళీ వదలండి, మూత కింద ప్లాస్టిక్ కాగితం వేసి బిగించి, రెండు కవర్లలో చుట్టండి. పైకెళ్లేకొద్దీ లోపలి గాలి వ్యాకోచించి నూనెని బయటికి నెడుతుంది. మాడుగుల హల్వా, అనకాపల్లి బెల్లం, కందిపొడి హాయిగా వెళ్తాయి. ఎండు కొబ్బరి చిప్పలు మాత్రం పెట్టకండి, మంటంటుకునే సరుకు కింద లెక్కగట్టి విమానంలోకి రానివ్వరు.

అక్కడ వంట కూడా వేరే. ఆ ఎత్తున నీళ్లు 88 డిగ్రీల దగ్గరే మరిగిపోతాయి, మామూలు గిన్నెలో అన్నం ఎంతసేపు పెట్టినా పలుకు పోదు, పప్పు సంగతి చెప్పక్కర్లేదు. అన్నీ కుక్కర్లోనే. అత్తయ్య మొదటిరోజు పొద్దున్నే కొబ్బరినూనె సీసా బోర్లించి, చుక్క రాలకపోయేసరికి వెలుగులోకి ఎత్తి చూశారు: జూన్ నెలలో లోపల తెల్లగా మైనంలా గడ్డకట్టి ఉంది. అంత చలి ఉంటుంది రాత్రిళ్లు, పగలు మాత్రం ఎండ చురుక్కుమంటుంది. ఒకటే లావు కోటు కాకుండా పొరలు పొరలుగా బట్టలు, టోపీ, చలువ కళ్లద్దాలు, సన్‌స్క్రీన్, పెదాలకి వాసెలీన్ పట్టుకెళ్లండి. జాకెట్లు ఇంట్లో మిగులు ఉన్నాయేమో ముందే అడగండి, మాకు రెండు అలాగే దొరికాయి.

నీళ్ల విషయంలో మొహమాటం లేకుండా పొదుపు చేయండి. లడఖ్‌లో వానలు చాలా తక్కువ, మంచు కరిగి వచ్చిన నీళ్లే ఆధారం. అయిదుగురం ఒక్కసారి ఆ ఇంటి మీద పడ్డాం కాబట్టి రోజు విడిచి రోజు స్నానం చేశాం, బట్టలు వైజాగ్ వచ్చాకే ఉతుక్కున్నాం.

బయటి రాష్ట్రాల ప్రీపెయిడ్ సిమ్‌లు అక్కడ పనిచేయవు, ఇంట్లో ఒక్కటైనా పోస్ట్‌పెయిడ్ ఉండాలి. కొంత నగదు ఉంచుకోండి. నుబ్రా లోయ, పాంగాంగ్ సరస్సు వైపు వెళ్లడానికి కావాల్సిన అనుమతులు, రుసుముల నిబంధనలు మారుతుంటాయి, వెళ్లే వారం ముందు లేహ్ అధికారిక వెబ్‌సైట్లో చూసుకోండి, అందరి గుర్తింపు కార్డులూ దగ్గరుండాలి.

మూడో రోజు ఊళ్లోనే లేహ్ ప్యాలెస్, శాంతి స్తూపం చూడండి. స్తూపానికి మెట్లదారిలో కాకుండా కారులో వెళ్లండి. మణిచక్రాలు (బౌద్ధుల ప్రార్థనా చక్రాలు) సవ్యదిశలోనే తిప్పాలని, ఎవరు కనిపించినా "జూలే" (అక్కడి నమస్కారం) అనాలని పిల్లలకి ముందే చెప్పండి. నాలుగో రోజు నిమ్ము దగ్గర సింధు, జంస్కార్ నదులు కలిసే చోటికి వెళ్లాం, రెండు రంగుల నీళ్లు పక్కపక్కనే పారుతుంటే అత్తయ్య దణ్ణం పెట్టుకుని కదల్లేదు. ఆ తర్వాతే నుబ్రా. దారిలో ఖర్దుంగ్ లా 5,300 మీటర్లు దాటుతుంది, అక్కడ పది నిమిషాలకి మించి ఆగొద్దు. హుందర్ ఇసుక తిన్నెలు, రెండు మూపురాల ఒంటెలు ఉన్న చోటు లేహ్ కంటే తక్కువ ఎత్తు కాబట్టి రాత్రి అక్కడే ఉండొచ్చు. పాంగాంగ్ 4,200 మీటర్లు, పిల్లలుంటే పొద్దున్నే వెళ్లి చూసి వచ్చేయండి, రాత్రి ఉండొద్దు.

తిరుగు విమానానికి, ఢిల్లీ నుంచి వైజాగ్ టికెట్‌కి మధ్య ఒక రోజు ఖాళీ వదలండి, వాతావరణం బాగోకపోతే లేహ్ విమానాలు రద్దవుతాయి. మాది కూడా మర్నాటికి మారింది. ఆ రాత్రి మా స్నేహితురాలు మిగిలిన ఆవకాయతో కుక్కర్ అన్నం కలిపి పిల్లలిద్దరికీ ముద్దలు పెట్టింది.