వానాకాలం ఓడెక్కే ముందు లైట్ లిస్ట్ ఒకసారి విప్పండి

చెన్నై ట్రిప్లికేన్ మాన్షన్లలో ఉండి మేట్స్ (ఓడ అధికారుల) పరీక్షలకు చదివే మన కుర్రాళ్లకు దీపం మెరుపులు కొలిచే ప్రాక్టీసు కోసం ఎక్కడికో వెళ్లక్కర్లేదు. రాత్రి మేడ ఎక్కితే మెరీనా లైట్‌హౌస్ వెలుగు కనబడుతుంది. ఫోన్‌లో స్టాప్‌వాచ్ తీసి కొలవండి. రెండు మెరుపులు, చీకటి, మళ్లీ రెండు మెరుపులు. మొత్తం 10 సెకన్లు. మొదటి మెరుపు మొదలైన దగ్గర్నుంచి తర్వాతి జంటలో మొదటి మెరుపు మొదలయ్యేదాకా కొలవాలి. మధ్యలో చీకటిని మాత్రమే కొలిచి, లెక్క కుదరట్లేదని తల గోక్కునేవాళ్లను చాలామందిని చూశాను. ఒక్కసారి కొలిచి వదిలేయొద్దు, మూడుసార్లు కొలవండి.

ఈ దీపం కూడా ఎప్పుడూ ఇక్కడే లేదు. 1844లో ఇప్పటి హైకోర్టు ఆవరణలోని స్తంభం మీద వెలిగింది. 1894లో హైకోర్టు భవనం మీదికి ఎక్కింది. 1977లో మెరీనాకు వచ్చింది. దీపాలు చోటు మారతాయి, మెరుపులు మారతాయి, కొన్నాళ్లు ఆరిపోతాయి కూడా. అందుకే ఏ దీపం ఎక్కడుందో, ఎలా మెరుస్తుందో చెప్పే పుస్తకానికి, అంటే బ్రిడ్జి (ఓడ నడిపే గది) మీది లైట్ లిస్ట్‌కు వారం వారం కరెక్షన్లు వస్తాయి. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా మన తీరంలో ఈశాన్య రుతుపవనాలు, పైగా తుపాన్లు. ఆ నెలల్లో జాయిన్ అవుతుంటే ముందు చూడాల్సింది ఆ పుస్తకాన్నే.

ఓడలో అడుగుపెట్టాక కరెక్షన్ రిజిస్టర్‌లో టిక్కులు చూసి సంతోషపడకండి. పుస్తకమే తెరవండి. నేను థర్డ్ మేట్‌గా ఉన్న ఒక బల్క్ క్యారియర్‌లో రిజిస్టరు ముత్యాల్లాంటి అక్షరాలతో, ఒక్క వారం కూడా తప్పకుండా నిండి ఉండేది. ఒక రాత్రి తీరం దగ్గరికి వస్తుంటే ఎదురుగా కనిపించిన దీపం 15 సెకన్లకు ఒకసారి మెరుస్తోంది. పుస్తకంలో 10 అని ఉంది. ‘ఇది ఆ దీపం కాదేమో’ అని నేను, ‘నీ కొలతే తప్పేమో’ అని సెకండ్ మేట్. చివరికి కెప్టెన్‌ని లేపాం. ఆయన రాడార్‌లో తీరం చూసి మా పొజిషన్ సరిగ్గానే ఉందన్నారు. మర్నాడు చార్ట్ రూమ్ డ్రాయర్ లాగితే కత్తిరించి పుస్తకంలో అంటించాల్సిన ఆరు వారాల కరెక్షన్ స్లిప్పులు కవర్లోనే ఉన్నాయి, కత్తెర కూడా పడలేదు. ఆ 15 సెకన్ల మార్పు వాటిలో ఉంది. టిక్కు పెట్టడం సులువు, అంటించడమే బద్ధకం. ఆ రాత్రి టెన్షన్ నాకింకా గుర్తే.

కాబట్టి ఇలా చేయండి. మీ వాయేజ్‌లో వచ్చే దీపాల్లో ఓ అయిదింటిని ఎంచుకోండి. ఇటీవలి వారాల నోటీసులు (నావికులకు మార్పులు తెలిపే ప్రకటనలు) తీసి వాటికి మార్పులొచ్చాయేమో చూసి, పుస్తకంలో ఉన్నాయో లేదో సరిపోల్చండి. బ్రిటన్‌వాళ్ల అడ్మిరాల్టీ వీక్లీ నోటీసుల్లో దీపాల మార్పులు సెక్షన్ 5లో వస్తాయి. ఏ కాలమ్ మారిందో నక్షత్రం గుర్తుతో (*) చూపిస్తారు. మారింది ఒక్క కాలమే కదా అని పెన్నుతో గీసేయొద్దు, స్లిప్పు మొత్తం అంటించండి. అంటించే ముందు దీపం నంబరు రెండుసార్లు చదవండి. పక్క నంబరు మీద అంటిస్తే ఒక దీపం మాయమై ఇంకో దీపం అబద్ధం చెబుతుంది. తాత్కాలిక మార్పులను పెన్సిల్‌తో రాసి పెట్టుకుని, రద్దయ్యాక చెరిపేయాలి. కొత్త ఎడిషన్ వస్తే అది మన చేతికొచ్చిన తేదీ కాదు లెక్క. ఏ వారం దాకా సరిచేసి అచ్చువేశారో లోపల రాసి ఉంటుంది, ఆ తర్వాతి వారం నుంచి మొదలుపెట్టాలి. భారత నోటీసులు డెహ్రాడూన్‌లోని నేషనల్ హైడ్రోగ్రాఫిక్ ఆఫీసు నుంచి పదిహేను రోజులకోసారి వస్తాయి, వాటినీ వదలొద్దు. డిజిటల్ లిస్ట్ వాడే ఓడల్లో కత్తెర పని ఉండదు గానీ, అప్‌డేట్ నిజంగా ఎక్కిందా అని స్క్రీన్ మీద వారం నంబరు చూసుకోక తప్పదు.

సముద్ర భద్రత అంతర్జాతీయ ఒప్పందం సోలాస్ అయిదో అధ్యాయం, 27వ నియమం ప్రకారం చార్టులతోపాటు లైట్ లిస్ట్‌లు కూడా తాజాగా ఉండాలి. పోర్ట్ స్టేట్ వాళ్లు (రేవులో ఓడలను తనిఖీ చేసే అధికారులు) అడిగితే చూపించాల్సింది పుస్తకం, సాకు కాదు.

ఇక దూరం సంగతి. చెన్నై దీపానికి రేంజ్ 28 మైళ్లు (నాటికల్ మైళ్లు) అని రాసి ఉంటుంది. అది వాతావరణంలో 10 మైళ్ల విజిబిలిటీ ఉన్నప్పటి లెక్క. దీపం ఎత్తు 57 మీటర్లు, మీ కన్ను నీటికి 16 మీటర్ల ఎత్తున ఉంటే, భూమి వంపు వల్ల దాదాపు 23 మైళ్ల లోపలికి వచ్చాకే దీపం నేరుగా కనబడుతుంది. అంతకుముందు ఆకాశంలో వెలుగు మాత్రం లీలగా తెలుస్తుంది. వానలో విజిబిలిటీ 2 మైళ్లకు పడిపోతే అదే దీపం 7, 8 మైళ్ల దగ్గరే తేలుతుంది. విజిబిలిటీని బట్టి దీపం ఎంత దూరం కనబడుతుందో చూపే లుమినస్ రేంజ్ డయాగ్రమ్ పుస్తకం ముందు పేజీల్లోనే ఉంది, అలంకారానికి కాదు. ‘28 మైళ్లకు కనబడాలి, కనబడట్లేదు, అంటే మనం దూరంగా ఉన్నాం’ అనుకోవడమే ప్రమాదం.

చూసే దిక్కును బట్టి వేరే రంగులో కనిపించే సెక్టార్ దీపాల బేరింగులు (దిక్కు డిగ్రీలు) సముద్రం వైపు నుంచి చూసినట్టు ఇస్తారు. ఇది తిరగేసి చదివితే ఎర్ర సెక్టార్‌లో ఉండి తెల్ల సెక్టార్‌లో ఉన్నామనుకుంటాం. రంగు మారే చోట గీత గీసినట్టు ఉండదు. మబ్బులో తెల్ల దీపం ఎర్రగా కనిపించడమూ మామూలే. రంగు చూసి ఊహించకండి, సెకన్లు లెక్కపెట్టండి. చెన్నైలాంటి ఊరి ముందు వెనకనుంచి వచ్చే నగర వెలుగులో దీపాన్ని వెతకడం మరీ కష్టం.

బోయాల (నీటిలో తేలే గుర్తుల) కోసం అడ్మిరాల్టీ లిస్ట్‌ను నమ్ముకోవద్దు. చిన్న బోయాలను అందులో సాధారణంగా చేర్చరు. తుపాను వెళ్లాక గొలుసు తెగి కొట్టుకుపోయేవి అవే. 2023 డిసెంబరులో మిచాంగ్ వచ్చినట్టు తుపాను దాటిన తర్వాత పోర్టుకు వస్తుంటే, నేవేరియా ఎనిమిది (మన సముద్ర ప్రాంతం) హెచ్చరికలు, తీరప్రాంత హెచ్చరికలు, పైలట్ చెప్పే మాట, ఈ మూడూ విని తర్వాతే బోయాను లెక్కలోకి తీసుకోండి.

సైన్ ఆఫ్ అయ్యే (ఓడ దిగే) రోజు హ్యాండోవర్ నోట్‌లో ‘పుస్తకాలన్నీ అప్ టు డేట్’ అని రాయకండి. ఏ వాల్యూమ్, ఏ వారం దాకా, ఇంకా తెరవని కవర్లు ఎన్ని, ఏ డ్రాయర్‌లో అన్నది రాయండి.