జేక్ షిమాబుకురోను చూసి ఉకులేలే పట్టినవాళ్లకు

గిటార్ లాంటి నాలుగు తీగల చిన్న వాద్యం ఉకులేలే. నేను దాన్ని కొన్నదే ఆ వాద్యకారుడు జేక్ షిమాబుకురో వల్ల. హవాయిలోని హొనొలులులో 1976లో పుట్టిన ఆయనకు నాలుగో ఏట అమ్మే మొదటి గురువు. న్యూయార్క్ సెంట్రల్ పార్క్‌లో కూర్చుని ఆయన బీటిల్స్ పాట వాయించిన వీడియో 2006లో ప్రపంచమంతా తిరిగింది. ఉన్నవి నాలుగే తీగలు, వాటిలోంచి అంత సంగీతం! అది చూసి నేను వాద్యం పట్టుకుంటే జి7 అనే కార్డ్ (ఒకేసారి మోగించే స్వరాల గుంపు) దగ్గర వేళ్లు ఆగిపోయేవి. ఏడు నెలలకు ఆ ఆగడం పోయింది. ఎలా పోయిందో చెబుతాను.

ముందు శ్రుతి. ఒళ్లో పెట్టుకున్నప్పుడు పై నుంచి కిందికి జి, సి, ఇ, ఎ. మామూలు ట్యూనింగ్‌లో పైనున్న జి తీగ సి, ఇ తీగల కన్నా హెచ్చు స్థాయిలో మోగుతుంది. గిటార్ అలవాటున్నవాళ్లు పొరపాటనుకుని దించేస్తారు. దించకండి, ఉకులేలే గలగల అక్కడే ఉంది. కొత్త నైలాన్ తీగలు కొన్నాళ్లపాటు సాగుతూనే ఉంటాయి కాబట్టి కూర్చున్న ప్రతిసారీ ట్యూన్ చేయాలి. మొదటి వారమంతా అపస్వరం నా వేళ్లదే అనుకుని బాధపడ్డాను.

ఇక కార్డ్‌లు. విడివిడిగా బట్టీపట్టడం వల్లే నాకు ఆలస్యమైంది. సి, ఎ మైనర్, ఎఫ్, జి7, మళ్లీ సి: ఈ వరసలో వేళ్ల నడకను గమనించండి. ఫ్రెట్ అంటే వాద్యం మెడ మీది అడ్డ కమ్మీల మధ్య గడి. సి అంటే ఎ తీగ మూడో ఫ్రెట్‌లో ఉంగరపు వేలు, అంతే. అది తీసి జి తీగ రెండో ఫ్రెట్‌లో మధ్య వేలు పెడితే ఎ మైనర్. ఆ వేలు కదపకుండా ఇ తీగ మొదటి ఫ్రెట్‌లో చూపుడు వేలు చేరిస్తే ఎఫ్. ఇప్పుడు చూపుడు వేలిని అక్కడే ఉంచండి. మధ్య వేలు పక్కనున్న సి తీగకు మారుతుంది, ఉంగరపు వేలు ఎ తీగ మీద వాలుతుంది, రెండూ రెండో ఫ్రెట్‌లోనే. అదే జి7. అక్కడి నుంచి ఉంగరపు వేలు ఒక్క ఫ్రెట్ ముందుకు జరిపి, మిగతా రెండూ తీసేస్తే సి వచ్చేసింది.

లయ కొట్టే మెట్రోనోమ్‌ను నిమిషానికి 60 దెబ్బల దగ్గర పెట్టి కార్డ్‌కు నాలుగు దెబ్బలు వాయించండి. తడబాటు లేకుండా పది చుట్లు తిరిగాకే 65. వేలు ఫ్రెట్ కమ్మీకి దగ్గరగా, దాని వెనకే నొక్కితే తక్కువ బలం సరిపోతుంది.

జేక్ వీడియోలు మానొద్దు, చూసే పద్ధతి మార్చండి. నేను వేగం సగానికి తగ్గించి, సౌండ్ తీసేసి, ఒక పూట ఎడమ చేయి మాత్రమే, ఇంకో పూట కుడి చేయి మాత్రమే చూస్తాను. తర్వాత కళ్లు మూసుకుని వింటాను. ఆయన వేగమే గొప్పదని మొదట్లో అనుకున్నాను. ఇప్పుడు నాకు ఆయన మెల్లగా వాయించే చోట్లే ప్రాణం. అంత చిన్న శబ్దంలోనూ ప్రతి స్వరం విడిగా వినిపిస్తుంది. అందుకే రోజూ చివరి అయిదు నిమిషాలు ఆ నాలుగు కార్డ్‌లనే, పక్క గదిలో నిద్రపోతున్నవాళ్లు లేవనంత మెల్లగా వాయిస్తున్నాను. నిన్న జి7లో నాలుగు తీగలూ పలికాయి.