రాస్‌పీబీఎక్స్ పెట్టగానే మార్చాల్సిన పాస్‌వర్డ్‌లు

రాస్ప్‌బెర్రీ పై అనే చిన్న కంప్యూటర్ మీద రాస్‌పీబీఎక్స్ ఇమేజ్‌తో (ఫోన్ ఎక్స్ఛేంజ్ సాఫ్ట్‌వేర్ అంతా సిద్ధంగా ఉండే ఫైల్) ఫోన్ సిస్టమ్ పెట్టుకున్నారా? ఇందులో లాగిన్‌లు రెండు, ఒకదానికీ ఇంకోదానికీ సంబంధం లేదు. ఎస్ఎస్‌హెచ్‌కి, అంటే వేరే కంప్యూటర్ నుంచి కమాండ్లు కొట్టే దారికి, యూజర్ రూట్, పాస్‌వర్డ్ రాస్ప్‌బెర్రీ. బ్రౌజర్‌లో ఫోన్ సెట్టింగ్స్ ఉండే ఫ్రీపీబీఎక్స్ పేజీకి యూజర్, పాస్‌వర్డ్ రెండూ అడ్మినే, అన్నీ చిన్న అక్షరాల్లో. ఇవి లోకం మొత్తానికీ తెలుసు కాబట్టి సర్వర్‌ని ఇంటర్నెట్‌కి కలపకముందే మార్చేయండి, లేదంటే ఎవడో దూరి రాత్రికి రాత్రి విదేశాలకు కాల్స్ చేస్తాడు, బిల్లు మీకొస్తుంది.

రూట్‌గా లాగిన్ అయి పాస్‌డబ్ల్యూడీ కమాండ్ కొట్టండి, కొత్తది రెండుసార్లు అడుగుతుంది, టైప్ చేస్తుంటే అక్షరాలు కనబడవు, టెన్షన్ పడకండి. తర్వాత బ్రౌజర్‌లో అడ్మిన్ మెనూలోని అడ్మినిస్ట్రేటర్స్ తెరిచి అక్కడా మార్చండి.

ఎక్స్‌టెన్షన్ సీక్రెట్‌లూ, అంటే ఒక్కో ఫోన్‌కి ఇచ్చే లోపలి నంబర్ల పాస్‌వర్డ్‌లూ, పొడవుగా ఉండాలి. 101కి 101 అనే పెడితే మిగతావి ఎంత గట్టిగా ఉన్నా లాభం లేదు.