శిబిరంలో పురిటి నొప్పులు వస్తే ఏం చేయాలి?

యుద్ధమైనా, వరదైనా, భూకంపమైనా ఊరు విడిచి వచ్చినవాళ్లలో నెలలు నిండినవాళ్లు ఉంటారు. ఇల్లు కూలిందని కాన్పు ఆగదు. నర్సు ఉన్న చోట పురుడు పోసుకోవడమే అన్నిటికన్నా మేలు. గుడారంలో కాన్పు వేరే దారి లేనప్పుడే.

నొప్పులు రాకముందే

శిబిరానికి చేరిన రోజే వైద్య సిబ్బందికి గర్భిణి పేరు చెప్పండి. రాత్రిపూట బండి ఎవరిది, ఆపరేషన్ చేసే ఆసుపత్రి ఎక్కడుంది, దారి తెరిచి ఉందా అని అడిగి పెట్టుకోండి. వందమంది గర్భిణుల్లో దాదాపు 15 మందికి ప్రాణం మీదికి వచ్చే చిక్కులు ఎదురవుతాయి. అది ఎవరికన్నది ముందుగా చెప్పలేం. అందుకే ఈ విచారణ అందరికీ అవసరం.

ఐక్యరాజ్యసమితి జనాభా నిధి ఇలాంటి చోట్ల కాన్పు కిట్లు పంచుతుంది. సబ్బు, ప్లాస్టిక్ షీటు, గ్లవ్స్, కొత్త బ్లేడు, బొడ్డు కట్టే దారాలు, గుడ్డ ఉంటాయి. అది దొరక్కపోతే ఇవే వస్తువులు మీరే ఒక సంచిలో సర్దుకోండి. దారాన్ని, బ్లేడును 20 నిమిషాలు మరిగించాలి. ఉతికి ఎండలో ఆరేసిన పొత్తిగుడ్డలు రెండు మూడు ఉంచుకోండి.

కాన్పు సమయంలో

సాయం చేసేవాళ్లు సబ్బుతో మోచేతుల దాకా చేతులు కడుక్కోవాలి. తల్లికి ఏ భంగిమ హాయిగా ఉంటే అలాగే ఉండనివ్వండి. పొట్ట మీద నొక్కకండి, బిడ్డను లాగకండి.

బిడ్డ బయటికి రాగానే ఆరిన గుడ్డతో ఒళ్లంతా తుడవండి. ఏడవకపోతే వీపు రుద్దండి. అప్పటికీ ఊపిరి తీసుకోకపోతే మాస్కుతో గాలి పంపడం తెలిసినవాళ్లు మొదటి నిమిషంలోనే అందుకోవాలి. ఊపిరి తీసుకుంటే తల్లి రొమ్ము మీద ఒంటికి ఒళ్లు తగిలేలా పడుకోబెట్టి, ఇద్దరి మీదా గుడ్డ కప్పండి.

బొడ్డుతాడు కోయడానికి తొందర వద్దు. వేళ్లతో పట్టుకుంటే లోపల నాడి కొట్టుకోవడం తెలుస్తుంది. కనీసం ఒక నిమిషం ఆగండి. తర్వాత రెండు చోట్ల గట్టిగా కట్టి, మధ్యలో కోయండి. కోసిన చోట బూడిద, నూనె, పొడులు ఏవీ రాయకండి. ఇన్ఫెక్షన్ వచ్చే దారుల్లో ఇదొకటి.

తల్లిని వదలకండి

బిడ్డ పుట్టగానే అందరి చూపూ బిడ్డ మీదికి మళ్లుతుంది. బాలింతల ప్రాణాలు ఎక్కువగా తీసేది రక్తస్రావం, అదీ సరిగ్గా ఈ సమయంలోనే. మాయను లాగకండి. అది పడ్డాక బొడ్డు దగ్గర పొట్ట తడిమితే గర్భసంచి బంతిలా గట్టిగా తగలాలి. మెత్తగా ఉంటే గట్టిపడేదాకా రుద్దండి, మూత్రానికి పంపండి, బిడ్డకు పాలు పట్టించండి. రక్తస్రావం తగ్గించే మిసోప్రోస్టాల్ మాత్రల గురించి వైద్య సిబ్బందిని ముందే అడగండి. బిడ్డ పుట్టి, కడుపులో ఇంకో బిడ్డ లేదని తేలాకే అవి వేయాలి. ముందే వేస్తే ప్రమాదం.

రక్తం ఆగకపోయినా, మాయ అరగంటకూ పడకపోయినా, ఫిట్స్ వచ్చినా, తీవ్రమైన తలనొప్పితో చూపు మసకబారినా, జ్వరం వచ్చినా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి. కాన్పుకు ముందు బిడ్డ చెయ్యో బొడ్డుతాడో కనిపించినా, నొప్పులు 12 గంటలు దాటినా అంతే. దారిలో కూడా తల్లిని వెచ్చగా ఉంచాలి.

ఆ మొదటి రాత్రి

గంటలోపే ముర్రుపాలు పట్టించండి. విరాళంగా వచ్చిన పాలపొడి డబ్బా చూసి ఆశపడకండి. శుభ్రమైన నీళ్లు లేని చోట అది విరేచనాలు తెచ్చిపెడుతుంది. స్నానం మర్నాటి దాకా ఆపండి.

ఎవరో ఒకరు మేలుకుని ఉండాలి. గంటకోసారి తల్లి గుడ్డ తడిసిందేమో చూడాలి, పొట్ట తడిమి చూడాలి. బిడ్డ పాదాలు ముట్టుకుని చూడాలి. చల్లగా తగిలితే బిడ్డను మళ్లీ తల్లి రొమ్ముకు హత్తించి పైన గుడ్డ కప్పాలి.