కౌలు రైతు అప్పు లెక్కను చదివే పద్ధతి

"లెక్క తెలియక మునిగాడు." కౌలు రైతు అప్పుల పాలైతే ఊళ్లో ముందు వినబడే మాట ఇదే. నిజంగా లెక్క తెలియకనేనా, మరేదైనా ఉందా అన్నది ఒక్క ఇంటి అప్పును వరసగా రాసి చూస్తే చాలావరకు తేలిపోతుంది.

తెల్లకాగితం మీద ఆరు గడులు గీయండి. నెల, ఎంత, ఎవరి దగ్గర, ఏ వడ్డీకి, దేనికి. ఆరో గడి ప్రస్తుతానికి ఖాళీగా ఉంచండి. భార్యాభర్తలిద్దరినీ కూర్చోబెట్టి అడగండి. డ్వాక్రా పుస్తకం, వారం వారం కట్టే ఫైనాన్సు కార్డు ఆమె దగ్గరే ఉంటాయి. ఆమె పేరున తెచ్చిన డబ్బు ఎరువుల కొట్టుకు పోయిన సంగతి ఆయన ఒక్కడే చెబితే లెక్కలోకి రాదు. "అప్పెందుకు చేశారు?" అని అడిగితే సంజాయిషీ మొదలవుతుంది. "ఆ నెల మీకు డబ్బు ఎక్కడ పుట్టేది?" అని అడగండి.

ఇక ఆరో గడి. అదే భూమికి పట్టా పాసుపుస్తకం వీళ్ల చేతిలో ఉంటే ఆ పద్దు ఎంతయ్యేదో అక్కడ వేయాలి. తెలంగాణలో నాలుగెకరాల పత్తి, 2023 వానాకాలం అనుకుందాం. జూన్‌లో నెలకు నూటికి మూడు రూపాయల వడ్డీకి లక్ష తెచ్చి, ఎనిమిది నెలలకు తీర్చారు. వడ్డీ 24,000. బ్యాంకు పంట రుణమైతే గడువులో కడితే ఏడాదికి 4 శాతం, అంటే సుమారు 2,667. తేడా 21,333. ఎకరాకు 5,000 చొప్పున రైతుబంధు 20,000 భూమి యజమాని ఖాతాలో పడింది. ఇక అమ్మకం. ఆ ఏడు పొడవు పింజ పత్తి మద్దతు ధర క్వింటాలుకు 7,020. అప్పిచ్చిన వ్యాపారికే 6,220 చొప్పున 32 క్వింటాళ్లు తూచి ఉంటే మరో 25,600 పోయినట్టే. మొత్తం 66,933. కౌలు ఇంకా కలపనే లేదు. ఇందులో పైరు చేయడం రాక పోయిన రూపాయి ఒక్కటి కూడా లేదు.

ఒక్క ఇంటితో ఆగకండి. అదే ఊళ్లో మరో పది కౌలు కుటుంబాల దగ్గర ఇవే పద్దులు అడగండి. తొమ్మిదింటిలో అవే కనిపిస్తే అది ఆ ఇంటి గుణం కాదు. ఆ తర్వాత, పద్దు వెనక ఏ నియమం ఉందో వెతకండి. ఆంధ్రప్రదేశ్‌లో 2019 చట్టం ప్రకారం కౌలుదారుకు 11 నెలల సాగు హక్కు కార్డు ఇస్తారు, కానీ యజమాని ఒప్పుకోవాలి. సంతకం పెడితే భూమి చేజారుతుందని యజమాని భయం. అది ఉత్తి అపోహ అని కొట్టిపారేయకండి. తెలంగాణ ప్రాంతంలో 1950 కౌలుదారీ చట్టం రక్షిత కౌలుదార్లకు, అంటే చట్టం గుర్తించిన అప్పటి కౌలుదార్లకు, గట్టి హక్కులే ఇచ్చింది. అందుకే నేటికీ చాలాచోట్ల కౌలంటే నోటిమాటే.

ఇక్కడ చాలామంది చేసే తప్పు, మొత్తాన్నీ వ్యవస్థ మీదకు నెట్టేయడం. అదే కౌలు, అదే పంట, అయినా ఒకింట అప్పు తక్కువుంటే ఎందుకో చూడండి. జీతం తెచ్చే కొడుకో, రెండు పాడి గేదెలో ఉండొచ్చు. లేదా నిజంగానే ఒకరు నీళ్లు పడని చోట రెండో బోరు వేసి ఉండొచ్చు. అదీ రాయండి, దాచొద్దు.

కొట్టు ముందు, నలుగురిలో ఈ లెక్క అడగొద్దు. మాటల్లో బతకాలని లేదన్న ధ్వని వినబడితే కాగితం పక్కన పెట్టేయండి. మానసిక ఆరోగ్య సహాయవాణి టెలిమానస్ నంబరు 14416 ఇచ్చి, ఇంట్లోవాళ్లకు చెప్పి, ఆ రోజుకు లెక్క ఆపేయండి.

చివరగా నోటు తేదీ. ప్రామిసరీ నోటు గడువు మూడేళ్లు. అది దాటకముందే వడ్డీని అసలులో కలిపి కొత్త నోటు రాయిస్తారు. అందుకే నోటు మీద 1,80,000 ఉన్నంత మాత్రాన అంత తెచ్చారని వేసుకోకండి. మొదట చేతికి ఎంత వచ్చిందో, ఎన్నిసార్లు తిరగరాశారో అడిగి విడిగా రాయండి. పేరు లేకుండా మీకొక ప్రతి ఉంచుకుని, అసలు కాగితం ఆ ఇంటికే ఇచ్చేయండి. ఈసారి నోటు తిరగరాసే వేళ వాళ్ల చేతిలో ఉంటుంది.